నాలుగో గడి

నూజివీడు మామిడి తోటల సర్వే ఆఫీసులో పదకొండు మంది పనిచేసేవారు. పదకొండు మందికీ చదవడం వచ్చు. చదివేది మాత్రం దయామణి ఒక్కతే. ఈ మాట దయామణే అనేది, అదీ నలుగురూ వినేటట్టు. అందుకే ఆ ఆఫీసులో ఆమెతో స్నేహం చేసేవాళ్ళు తక్కువ, టైపు చేయించుకునేవాళ్ళు ఎక్కువ.

ఆమె ఆగిరిపల్లి మిషన్ బడిలో రిటైరైన సలోమోను మాస్టారి కూతురు. టైపు హయ్యర్ పాసయి, ఆరేళ్ళుగా అక్కడ టెంపరరీ టైపిస్టు. టెంపరరీ అంటే ఎనభై తొమ్మిది రోజులు. తొంభయ్యో రోజు కూడా పనిచేస్తే ఎక్కడ పర్మనెంటు అడుగుతారోనని, ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం ఇంటికి పంపేసి, రెండు రోజులాగి మళ్ళీ కొత్తగా కాగితం ఇచ్చేవారు. అలా ఆరేళ్ళలో ఇరవై మూడుసార్లు అదే కుర్చీలో కొత్తగా చేరింది. ప్రతిసారీ చేరికపత్రం ఆమే టైపు చేసుకోవాలి. ఆ కాగితాన్ని చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది. కానీ ముప్పై రెండేళ్ళ మనిషి, పెన్షన్ మీద బతికే తండ్రి, వేరే దారి లేదు. ఆమెకి కావాల్సింది ఒక్కటే, తొంభయ్యో రోజు.

ఎనభై ఆరులో ఆ ఆఫీసుకి కంప్యూటర్ వచ్చింది. ఆగిరిపల్లి నుంచి విస్సన్నపేట దాకా ఏ తోటలో ఎన్ని బంగినపల్లి చెట్లు, ఎన్ని రసాలు, ఏ చెట్టుకి ఏ తెగులు, అన్నీ దానికెక్కించాలన్నారు. దానికో గది, గదికో ఏసీ. ఏసీ మిషన్ కోసమే పెట్టారు గానీ, ఆ చల్లదనం అనుభవించింది ఆఫీసరు ఉమాపతి గారు. మధ్యాహ్నం భోజనమయ్యాక మిషన్ బాగోగులు చూడాలంటూ లోపలికి వెళ్ళి, నాలుగింటికి కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చేవారు.

కంపెనీ ఇంజనీరు సుబ్రహ్మణ్యం హైదరాబాదు నుంచి వచ్చి, రెండు రోజులు పాఠం చెప్పి, ఏడువందల పేజీల ఇంగ్లీషు పుస్తకం ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆఫీసులో ఆ పుస్తకాన్ని అందరూ వాడుకున్నారు, కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా. దయామణి ఒకరోజు దాన్ని కిటికీ దగ్గర్నుంచి తీసి చదవడం మొదలుపెట్టింది. చదివేకొద్దీ ఆ పుస్తకం రాసినవాళ్ళ మీద కూడా ఆమెకి గౌరవం పోయింది. ఒక్కో సెట్టింగు పేరు చెప్పి, "దీనిని అవసరాన్ని బట్టి అమర్చుకోవలెను" అని వదిలేశాడు మహానుభావుడు. అవసరమెంతో తెలిసినవాడికి నీ పుస్తకమెందుకు?

ఆమె అర్థం చేసుకున్నంతలో సంగతి ఇది. మిషన్‌లో కెర్నెల్ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. పండులో టెంకలాగా అన్నిటికీ లోపల అదే. డిస్కును మూడు భాగాలు చేసి, ఏ భాగంలో ఏ ఫైళ్ళు ఎక్కడున్నాయో చూసుకునేది అదే. మనం కొట్టిన ప్రతి అక్షరాన్నీ అది వెంటనే డిస్కు మీద రాయదు. కాసేపు తన దగ్గర పెట్టుకుని అప్పుడు రాస్తుంది. ఆ కాసేపట్లో కరెంటు పోతే, సగం రాసిన ఫైళ్ళు, తప్పిపోయిన లెక్కలు మిగులుతాయి. అందుకే కరెంటు వచ్చాక డిస్కు భాగాలన్నీ ఒకసారి చెక్ చేసుకునిగానీ మిషన్ తెరుచుకోదు. ఏ భాగాన్ని ఏ వరుసలో చెక్ చేయాలి, దేన్ని రాయడానికి తెరవాలి, దేన్ని చదవడానికి మాత్రమే తెరవాలి అన్నదంతా ఒక చిన్న జాబితాలో ఉంటుంది. ఆ జాబితాలో ఒక్క అంకె మారినా కథ మారిపోతుంది.

ఆ సమయంలోనే హైదరాబాదు నుంచి డైరెక్టరు గారి ఉత్తరం వచ్చింది. మిషన్ సెట్టింగులన్నీ వివరిస్తూ తెలుగులో పుస్తకం తయారు చేయాలని, రాసిన మనిషిని ఆపరేటరుగా పర్మనెంటు చేసే విషయం పరిశీలిస్తామని. ఉత్తరం టైపిస్టు చేతికే కదా ముందు వచ్చేది. దయామణి దాన్ని మూడుసార్లు చదివింది.

ఏడాదిన్నర రాసింది. పొడుగు నోటుబుక్కులో గళ్ళు గీసి, ఒక్కో సెట్టింగుకి నాలుగు గళ్ళు పెట్టింది. మొదటి గడిలో పేరు, రెండో గడిలో అది చేసే పని, మూడో గడిలో దాన్ని మార్చే పద్ధతి. నాలుగో గడిలో, మారిస్తే ఏం పోతుంది. ఈ నాలుగో గడి కంపెనీ పుస్తకంలో ఎక్కడా లేదు. తాను చేసి చూడందే ఆమె అందులో ఒక్క ముక్క రాయలేదు. డిస్కులో ఖాళీగా ఉన్న భాగంలో లేని తోట ఒకటి సృష్టించి, అందులో చెట్లు ఎక్కించి, గడియారం చూసుకుంటూ ప్లగ్గు పీకేసేది. మళ్ళీ పెట్టి, ఎన్ని చెట్లు మిగిలాయో చూసి రాసేది. మూడు నెలలకోసారి వచ్చే సుబ్రహ్మణ్యం ఆ నోటుబుక్కు చూసి, ఇవన్నీ మాకే తెలియవండీ అన్నాడు. తెలియదని ఒప్పుకున్న మగవాణ్ణి ఆ మిషన్ గదిలో ఆమె చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

పుస్తకం ఉమాపతి గారి బల్ల మీదికెళ్ళింది. ఆయన దాన్ని పదిహేను రోజులు ఉంచుకున్నారు. తిరిగొచ్చేసరికి కెర్నెల్‌ని ఆమె తేలిగ్గా "టెంక" అని రాసిన చోటల్లా "అంతర్గత సర్వనియంత్రణ విధాన వ్యవస్థ" అని ఎర్ర సిరాతో దిద్ది ఉంది. అది నవ్వి ఊరుకోదగ్గ సంగతే. నాలుగో గడి మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కొట్టేసి ఉంది. ఆమె వెళ్ళి అడిగింది.

"పూజలో పెట్టే పుస్తకమమ్మా ఇది. పేజీకి పదిసార్లు పోతుంది, పాడవుతుంది, దక్కదు అని రాస్తే ఏం బాగుంటుంది?" అన్నారాయన.

"పోయేవాటినే పోతాయని రాశానండీ."

"దీపం ఆరిపోయిందంటామా మనం? కొండెక్కిందంటాం. ఇంట్లో బియ్యం అయిపోయినా నిండుకున్నాయంటాం. అమంగళం మాట నోట రాకూడదు. మూడు గళ్ళు చాల్లే, ఆ నాలుగోది తీసేసి టైపు చెయ్యి."

ముగ్గురు కలిసి ప్రయాణం పెట్టుకోవడానికే ఒప్పుకోని మనిషికి మూడు గళ్ళ పుస్తకం ఎలా శుభమైందో ఆయనకే తెలియాలి. అలాగని దయామణి తనవాళ్ళనీ వెనకేసుకురాలేదు. మిషన్ వచ్చిన కొత్తలో దాని మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేయిస్తే చెడిపోదని సలహా ఇచ్చిన పాస్టరు గారిని, ప్లగ్గు ఎక్కడుందో చూపించండి ముందు అని అడిగి పంపేసింది. తెలివితక్కువతనానికి మతం లేదని ఆమె నమ్మకం.

టైపు చేసింది. సైక్లోస్టైలు తీశారు. అట్ట మీద "కూర్పు: శ్రీ ఉమాపతి, సహకారం: శ్రీ వెంకట రమణ" అని అచ్చయింది. వెంకట రమణ ఆయన భార్యకి తమ్ముడు, మిషన్ గదిలోకి కొత్తగా వచ్చినవాడు. అట్ట వెనక, కింద మూలన, "టైపు: దయామణి" అని ఉంది. పేరు లేనందుకు కాదు, గడి తీసేసినందుకే కోపమని ఆమె ఇంట్లో చెప్పింది. అది అబద్ధం. రెండిటికీ కోపమే.

ఎనభై ఎనిమిదిలో ఉగాది వెళ్ళిన గురువారం, డైరెక్టరు గారి చేతుల మీదుగా పుస్తకావిష్కరణ, ఆ సీజను సర్వేకి తొలిచెట్టు ఎక్కించడం అన్నారు. ముహూర్తం తొమ్మిదీ పన్నెండు నిమిషాలకి. దయామణికి టిఫిన్లు చూసే పని అప్పగించారు. ఎనిమిదింటికి కరెంటు పోయింది. తొమ్మిదికి పది నిమిషాల ముందు వచ్చింది. మిషన్ లేచి, తన పద్ధతి ప్రకారం డిస్కుని చెక్ చేయడం మొదలుపెట్టింది. ముప్పావుగంట పని అది. కాఫీలు పట్టుకుని లోపలికొచ్చిన దయామణి తెర చూసి, తొమ్మిదీ నలభై దాకా దాన్ని కదిలించవద్దని చెప్పింది.

"పదింటికి దుర్ముహూర్తం. పన్నెండు నిమిషాలకి కాకపోతే ఇక ఇవాళ కాదు," అన్నారు ఉమాపతి గారు.

"దుర్ముహూర్తం మీకండీ. మిషన్‌కి లేదు."

ఆయన ఆమెవైపు చూడనైనా చూడలేదు. చెకింగ్ దాటేసే దారేదైనా ఉందా అని బావమరిదిని అడిగారు. వెంకట రమణ పసుపు పెట్టిన కొత్త పుస్తకం తెరిచాడు. ఉంది. మూడో గడిలో శుభ్రంగా ఉంది. చెకింగ్ ఆపి, జాబితాలో తోటల లెక్కలున్న భాగానికెదురుగా చివరనున్న రెండుని సున్నా చేస్తే చెక్ చేయకుండానే తెరుచుకుంటుందని. పక్కన నాలుగో గడి ఉండి ఉంటే, అలా తెరిచి కొత్తగా రాయడం మొదలుపెడితే ఒక ఫైలు మీద ఇంకో ఫైలు ఎక్కుతుందని, రాసేకొద్దీ పాతవి పోతాయని కూడా ఉండేది. అతను సున్నా పెట్టాడు. తొమ్మిదీ పన్నెండుకి మిషన్ తెరుచుకుంది. కొబ్బరికాయ కొట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందని దయామణి కాఫీ గ్లాసులు ఏరుకుని బయటికొచ్చేసింది.

గంటసేపు ఒక్కో చెట్టూ ఎక్కించారు. తర్వాత డైరెక్టరు గారు విస్సన్నపేటలో సూర్యకాంతం గారనే ఆమె తోట చూపించమన్నారు. తెర మీద ఆ తోటలో ఆగిరిపల్లి చెట్లు కనిపించాయి. ఇంకో తోట తెరిస్తే సగం చెట్లు, సగం పిచ్చి గీతలు. తెరిచినకొద్దీ అదే వరస. డైరెక్టరు గారు పుస్తకం చేతిలోకి తీసుకుని, ఇది రాసిందెవరని అడిగారు.

అట్ట మీద "కూర్పు" అని పేరున్న పెద్దమనిషి అట్ట వెనక్కి తిప్పి చూపించాడు. "దయామణి అండీ. టైపులో ఏదో వదిలేసినట్టుంది," అన్నాడు.

డైరెక్టరు గారు ఇంకేమీ అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుంది. శనివారానికల్లా రిపోర్టు పంపమని చెప్పి, కారెక్కి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళిపోయారు.

గురువారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం సాయంత్రం దాకా దయామణి ఆ గదిలోంచి కదల్లేదు. ప్రతి సోమవారం తానే టేపు మీదికి దించి పెట్టుకున్న కాపీ ఉంది. డిస్కుని శుభ్రం చేసి, టేపులోంచి మళ్ళీ ఎక్కించి, ఆ తర్వాతి మూడు రోజుల చెట్లు కాగితాలు చూసి కొట్టింది. సున్నాని మళ్ళీ రెండు చేసింది. అయ్యాక తన పొడుగు నోటుబుక్కులో ఆ సెట్టింగున్న పేజీ తీసి, నాలుగో గడిలో మిగిలిన చోటులో ఒక వాక్యం చేర్చింది: "ఉగాది తర్వాతి గురువారం ఉదయం గం. 9-12కి శ్రీ ఉమాపతి గారి ఆజ్ఞ ప్రకారం శ్రీ వెంకట రమణ ఇలా చేయగా మూడు వందల తోటలు పోయినవి."

శనివారం ఆమెకి ఎనభై తొమ్మిదో రోజు. పొద్దున్నే ఉమాపతి గారు పిలిచారు. ఆయన బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి, కరెంటు సరఫరాలో లోపం వల్ల ఇదంతా జరిగిందన్న రిపోర్టు. రెండోది, దయామణిని పర్మనెంటు చేయాలన్న సిఫారసు. రెండూ ఒకే కవరులో వెళతాయని, నోటుబుక్కులో ఆ ఒక్క వాక్యం కొట్టేస్తే చాలని ఆయన చాలా మర్యాదగా చెప్పారు. ఆరేళ్ళలో మొదటిసారి ఆమెని కూర్చోమన్నారు కూడా.

దయామణి ఆ రెండో కాగితాన్ని చూసింది. తన పేరు సరిగ్గా రాసి ఉంది. చేయి చాస్తే అందుతుంది. ఆ క్షణంలో ఆమెకి ఆ కాగితం మీద ఎంత ఆశ పుట్టిందో, అలా ఆశపడినందుకు తనమీద తనకి అంత అసహ్యం వేసింది.

"అమంగళమైతే తీసేయమన్నారు కదండీ. ఇది మీరు పెట్టించిన శుభముహూర్తమే. ఎందుకు తీయాలి?" అంది.

సాయంత్రం నోటుబుక్కుని మిషన్ పక్కనే పెట్టి వచ్చేసింది. తీసుకుపోయి ఉండొచ్చు. కానీ మనుషుల మీద కోపానికి మిషన్‌ని శిక్షించేవాళ్ళన్నా ఆమెకి చులకనే. బస్సులో ఏడ్చింది. బాధ లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. రెండు రోజులు గడిచాయి, వారం గడిచింది, ఈసారి కొత్త కాగితం రాలేదు.

మే నెలలో ఒకరోజు వెంకట రమణ స్కూటరు మీద ఆగిరిపల్లి వచ్చాడు. తెర మీద ఏదో మాట వస్తోందట, అర్థం కావట్లేదట. ఆమె పేజీ నంబరు చెప్పింది. మజ్జిగ తాగుతూ అతను ఇంకో సంగతి కూడా చెప్పాడు. బావగారు నోటుబుక్కులో ఆ గురువారం వాక్యమున్న పేజీ చింపేయబోయారట. తిప్పి చూస్తే వెనకవైపు కరెంటు వచ్చాక డిస్కుని చెక్ చేసే పద్ధతంతా ఉంది. దాంతో వదిలేశారట. ఎండాకాలం కదా, నూజివీడులో కరెంటు రోజుకి మూడుసార్లు పోతోంది. మూడుసార్లూ ఆ పేజీయే తీయాలి.

అతను వెళ్ళాక సలోమోను మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆ ఒక్క వాక్యం వదిలేసి మిగతాది వేరే కాగితం మీద రాసుకోవచ్చు కదమ్మా వాళ్ళు, అని అడిగారు.

"రాసుకోవాలంటే చదవాలి కదా నాన్నా," అంది దయామణి.