బొమ్మలో ఒకటి, పెట్టెలో పది

టీవీలు బాగుచేసే ఆవిడను వీధిలో అందరూ మీటరమ్మ అనేవారు. చేతిలో కరెంటు కొలిచే మీటరు లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు మరి. ఆవిడకు కరెంటంటే భయం లేదని కూడా చెప్పుకునేవారు. అది ఒట్టి మాట. భయం ఉంది కాబట్టే పది వేళ్ళూ మిగిలాయి.

ఆవిడ అక్క మొగుడు తన షెడ్డులో కరెంటు మంట కక్కే ప్లాస్మా టార్చితో ఇనప రేకులు కోస్తాడు. వేడికి రేకు ఉబ్బి పైకి లేచేది, టార్చి మూతి దానికి గీసుకుని పాడయ్యేది. ఎత్తును దానంతటదే సరిచేసే పెట్టె బజారులో దొరుకుతుంది గానీ, ధర వినేసరికి బావకు చెమటలు పట్టాయి. "ఊళ్ళోవాళ్ళ టీవీలన్నీ బాగుచేస్తావ్, బావకో పెట్టె చేసిపెట్టలేవా?" అని దెప్పాడు. మీటరమ్మకు రోషం పొడుచుకొచ్చింది. టార్చి రేకుకు దూరమయ్యేకొద్దీ మంట దగ్గర వోల్టేజి పెరుగుతుంది. దాన్ని తగ్గించి కొలిచి, మోటారుతో టార్చిని పైకీ కిందికీ జరిపే పెట్టెను పాత టీవీల సామానుతో నాలుగు నెలల్లో చేసి చూపించింది. దాచుకోలేదు కూడా. ఏది ఎక్కడ అతికించాలో బొమ్మ గీసి, ఎవరైనా ఊరికే చేసుకోవచ్చని ఇంటర్నెట్టులో పెట్టేసింది.

ఒక మధ్యాహ్నం ముక్కూ మొహం తెలియని మనిషి ఆ బొమ్మ ఉన్న పేజీలోనే ఫోటో పంపాడు. ఎక్కడో గేట్లు చేసుకునే ఆయనట. "మీ బొమ్మ చూసి చేశానండీ. ఇంకాసేపట్లో స్విచ్ వేస్తున్నా."

మురిసిపోతూ ఫోటో పెద్దది చేసి చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

వోల్టేజి లోపలికి వచ్చేచోట దాన్ని అడ్డుకుని తగ్గించే రెసిస్టర్ ఒక్కటే ఉంది. ఆవిడ పెట్టెలో పది ఉన్నాయి. అంత పెద్దది డ్రాయరులో దొరక్క పది చిన్నవి వరసగా అతికించింది. బొమ్మ గీసేటప్పుడు ఆ పదీ అసహ్యంగా కనిపించాయి. మొత్తం ఒకటే కదా అని ఒకటిగా గీసింది. లెక్క తప్పలేదు, బుద్ధే తప్పింది. మంట అంటుకునే క్షణంలో వేల వోల్టులు తన్నుకొస్తాయి. పది ఉంటే తలా కాస్త పంచుకుంటాయి. ఒక్కటే అయితే కరెంటు దాని మీంచి దూకి తిన్నగా చెయ్యి ఆనించే ఇనప పెట్టెలోకి పోతుంది.

"స్విచ్ వెయ్యకండి" అని గబగబా రాసింది. పంపింది. జవాబు లేదు. నాలుగుసార్లు పంపింది, లేదు. పరుగున షెడ్డుకు వెళ్ళింది.

"నేనొక మనిషిని చంపేసుంటాను, బావా."

"అదేంటి? మనది బానే పనిచేస్తోందిగా!"

"మనదాన్లో పదున్నాయి. ఆయనకి ఒకటే చెప్పాను."

బావ నోట ఎప్పుడూ ఉండే వేళాకోళం ఎండిపోయింది. ఫోను లాక్కుని ఫోటో అంతా గాలించాడు. వెనకగోడ మీద ఆ షాపు బోర్డు ముక్క కనిపించింది, దాని మీద నంబరుంది. చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మీటరమ్మ ఫోను తీసుకుని తనే చేసింది. మూడోసారికి ఆయన ఎత్తాడు.

"చెయ్యి తీసెయ్యండి! ఆ పెట్టె మీంచి చెయ్యి తీసెయ్యండి! బొమ్మ గీసింది నేనే!"

"మీరా అమ్మా! ఇందాకే వేశానండీ. టప్పుమని పేలింది. మోచెయ్యి దాకా గుంజేసింది, ఇంకా జివ్వుమంటూనే ఉంది. నేనే ఎక్కడో తప్పు చేసుంటానని ఇంకో రెసిస్టర్ పెట్టి బిగిస్తున్నా."

"మళ్ళీ వేద్దామనా?"

"ఆఁ, అయిపోవచ్చింది."

"బొమ్మే తప్పేమో అని అనుమానం రాలేదా మీకు?"

"మీరు గీసింది తప్పెలా అవుతుందమ్మా?"

 మీటరమ్మ తీగలన్నీ ఆయన చేత ఒక్కొక్కటే పీకించి, పీకానని చెప్పించుకుని గానీ ఫోను పెట్టలేదు.

బొమ్మ ఉన్న పేజీ తెరిచింది. దాన్ని తీసుకున్నవాళ్ళు రెండువందల పన్నెండు మంది. పేర్లు లేవు, నంబర్లు లేవు. బొమ్మ పైన ఎర్ర అక్షరాలతో రాసింది: "పెట్టె పేలితే తప్పు మీది కాదు, నాది. ఇంకో రెసిస్టర్ పెట్టి మళ్ళీ స్విచ్ వెయ్యకండి."