కడుపు నిండా నీళ్లు

మా అమ్మ లెక్కలో మనిషికి వచ్చే జబ్బులు రెండే. ఒకటి వేడి చేయడం, రెండోది దిష్టి తగలడం. తొమ్మిదో తరగతిలో ఉండగా నాకు మూత్రానికి పోతే మంట మొదలైంది. అమ్మ అది మొదటి రకమని తేల్చేసింది. ఆ ఎండాకాలం మా ఊరు ఎల్లారెడ్డిలోని సబ్జా గింజలన్నీ మా ఇంటికే వచ్చాయి. చెంబు నా చేతికిచ్చి అమ్మ అటు తిరగగానే పెరట్లో బెండ మొక్కలకు పోసేవాణ్ణి. ఆ ఏడు మా బెండలు బాగా కాశాయి.

తాగితే పోవాలి, పోతే మంట. అందుకే తాగడం మానేశాను. తాగకపోతే మంట ఇంకా పెరుగుతుందని నాకేం తెలుసు?

అసలు సంగతి వేడి కాదని మాత్రం తెలుసు. అక్కడ ముందు చర్మం బిగుసుకుపోయింది, ఒక్కోసారి వాచేది. చెప్పుకుందామంటే మా ఇంట్లో నడుము కింది భాగానికి మాటలే లేవు. బాపు ఫోన్‌లో దొంగచాటుగా వెతికితే లోకంలోని రోగాలన్నీ నాకే ఉన్నట్టు చూపించింది. ఇక నా బతుకింతేనని నమ్మాను.

నన్ను పట్టేసింది నా దోస్తు. వాళ్లది మా గల్లీయే, వాళ్ల నాయన బస్టాండు దగ్గర టైలరు. ఆయన్ను నేను చాచా అనేవాణ్ణి. ఒకరోజు క్రికెట్ ఆడి అందరూ బోరింగు దగ్గర నీళ్లు తాగుతుంటే నేను పక్కన నిలబడ్డాను.

"ఏంది రా, నీళ్లంటే గంత భయం? కుక్క గిట్ల కరిచిందా?" అన్నాడు దోస్తు.

నవ్వబోయి ఏడ్చేశాను. అందరూ పోయాక అంతా చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "గింతేనా?" అన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది.

"నాకు ఆరేండ్లకే ఆ తోలు కోసిండ్రు. మెడల పూలదండ, కొత్త బట్టలు, గల్లీకంత దావత్. నువ్వు గూడ అచ్చినవ్ గద, రెండుసార్లు బిర్యానీ పెట్టించుకున్నవ్."

తిన్న మాట నిజమే. ఆ దావత్ వాడి సుంతీకని మాత్రం అప్పుడు తెలియదు.

వాడు వాళ్ల నాయనకు చెప్పాడు. చాచా మా బాపును దుకాణానికి చాయ్‌కి పిలిచాడు. బాపు ఇంటికొచ్చి నా ముఖం చూడకుండా, "పొద్దుగాల కామారెడ్డి పోదాం, దవాఖానకు," అన్నాడు. కోపమనుకున్నాను.

కామారెడ్డి డాక్టర్ పరీక్షించి, "చాలామంది పిల్లలకు ఉండేదే బాబూ. నీ తప్పేం లేదు," అన్నాడు. అన్ని నెలల్లో నేను విన్న మంచి మాట అది. ముందు పూత మందు ఇచ్చాడు. దాంతో తగ్గకపోతే దసరా సెలవుల్లో చిన్న ఆపరేషన్ చేద్దామన్నాడు. ఏం చేస్తారో వినగానే బాపు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"సార్, అది సాయిబులు గద చేయించుకునేది. మా ఊర్ల ఏమంటరో..."

"వాళ్లకు అది ఆచారం. మీవాడికి వైద్యం," అన్నాడు డాక్టర్.

పూత మందుతో తగ్గలేదు. ఆపరేషన్ కంటే నన్ను ఎక్కువగా భయపెట్టింది లుంగీ. కొన్నాళ్లు ప్యాంటు వేసుకోకూడదట. మా గల్లీలో ఓ పిల్లవాడు లుంగీని ముందుకు ఎత్తి పట్టుకొని కాళ్లు ఎడంగా వేస్తూ నడిస్తే దాని అర్థం అందరికీ తెలుసు. బస్టాండు నుంచి ఇంటి దాకా ఎలా నడవాలన్నదే నా బెంగ.

దోస్తు తన లుంగీ ఇచ్చి, ఆపరేషన్ రోజు మా వెంట కామారెడ్డి వచ్చాడు. తిరుగు బస్సు గుంతలో పడ్డప్పుడల్లా నాకంటే ముందు వాడే మూలిగేవాడు. ఎల్లారెడ్డిలో దిగి మా గల్లీ మలుపు తిరిగేసరికి వాడి నాయనమ్మ గడప ముందు బంతిపూల దండ పట్టుకొని నిలబడి ఉంది. నేను వెనక్కి తిరగబోయాను. దోస్తు నా భుజం వదల్లేదు.

"రా దుల్హా, రా. ధైర్యం చేసినోనికి దండ ఎయ్యకుంటెట్ల?" అని మెడలో వేసి, పెళ్లికొడుకును చేసి, నోట్లో ఖర్జూరం పెట్టింది.

అంతలో మా అమ్మ ఎదురొచ్చింది. దండ చూసి ఏమంటుందోనని తీసేయబోయాను. ఆమె గిర్రున తిరిగి ఇంట్లోకి పోయి, ఎర్రనీళ్ల పళ్లెం తెచ్చి, దండ మెడలో ఉండగానే దిష్టి తీసింది. మొదటి జబ్బు పోయింది, రెండోది రాకూడదు కదా మరి.

గల్లీ అంతా చూస్తూ ఉంది. కాళ్లు ఎడంగానే వేస్తూ, తల పైకెత్తి నడిచాను. అంత సంతోషం తర్వాత టెన్త్ పాసైనప్పుడు కూడా కలగలేదు.

సెలవుల తర్వాత బళ్లో ఇద్దరు పిల్లలు, ఒకరికి తెలియకుండా ఒకరు, నా దగ్గరికి వచ్చి "నాకు గూడ..." అని ఆగిపోయారు. ఇద్దరినీ ఆ బోరింగు దగ్గరికే తీసుకుపోయాను. "గింతేనా" అనలేదు. చెప్పిందంతా విన్నాక దండ సంగతి చెప్పాను. ఇద్దరూ ఇంట్లో నోరు విప్పారు.

కొన్నాళ్లకు బాపుతో చాయ్ హోటల్‌కు పోయాను. పిట్లం నుంచి వచ్చిన బాపు స్నేహితుడొకాయన, "ఏంది, మీవోడు సాయిబుల్ల కలిసిండట గద?" అని నవ్వాడు. పక్క బల్లల వాళ్లు చెవులు రిక్కించారు. ఆ రోజు డాక్టర్ ముందు బాపు నసిగింది ఈ మాటకు భయపడే.

బాపు బల్ల మీది నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు.

"తాగు బిడ్డా."

తాగాను. మళ్లీ నింపాడు. అదీ తాగాను. అప్పుడు స్నేహితుడి వైపు తిరిగాడు.

"ఎన్ని నెలల సందో నా కొడుకు కడుపు నిండ నీళ్లు తాగలే. ఇప్పుడు తాగుతుండు. నువ్వేమన్న అనుకో."