దాదీ దాచిన ఇమాము

దగ్గరికి జరగండమ్మా, చెబుతాను. ఇందాక నమాజు చాప విప్పితే పాత అత్తరు వాసన వచ్చింది, నా చిన్ననాటి శుక్రవారాలు గుర్తొచ్చాయి.

ఘాజియాబాద్‌లో శుక్రవారం మగవాళ్లు మసీదుకెళ్లగానే ఇరుగుపొరుగు ఆడవాళ్లు మా ఇంట్లో చేరేవాళ్లు. దాదీ, అంటే నాన్నమ్మ, మా అబ్బా తల్లి, గడియ పెట్టేది. ముందర నిలబడి నమాజు చదివించే ఇమాము లేకపోయినా వరుసంతా ఒక్కసారే వంగేది. ఎవరో మగమనిషిని దాచారని నా అనుమానం. పరదా ఎత్తాను, బీరువా తెరిచాను.

"ఇమాము సాబు ఏడీ? అబ్బాతో చెప్పేస్తా!"

"అచ్ఛా, దొరికితే పట్టుకో, గ్యాసు సిలిండర్ మోయిస్తాం," అని పక్కింటి ఆంటీ నవ్వింది.

దాదీ నవ్వలేదు. అబ్బా చెవిన పడితే ఈ నమాజు ఆగిపోతుందని ఆమె భయం. "చదివించేది నేనేనే. ఆడవాళ్లకి ఆడమనిషి చదివిస్తే వరుస మధ్యలోనే నిలబడాలి," అంది. నేను నమ్మలేదు. ఎన్నో శుక్రవారాలు ఆమె పెదాలే కనిపెట్టి చూశాను, అవి కదిలాకే వరుస వంగేది. అబ్బాతో మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు మధ్యలో నిలబడేది నేను. ఇవాళ నా మనవరాలు బీరువా తెరిచి చూసింది. వెతకనీ, చివరికి నా పక్కకే వస్తుంది.

మీ ఇల్లు చల్లగుండాలి, అందులో ఆడపిల్లల గొంతు నిండుగా వినపడాలి.