మా బాబాయి చెప్పిన జపాను బొమ్మ

గుడివాడలో సినిమా డేరా వేసి ఉండగా జ్వరం తగిలి మా బాబాయి పోయాడని మొన్న పొద్దున కబురు వచ్చింది. బందరులో నాకు పుట్టింటి మనిషంటే ఆయన ఒక్కడే. మోపిదేవి పక్క మా ఊళ్లో నాకు పలక మీద అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే. అయినా చదువరులకు అబద్ధం చెప్పలేను. ఆయన పోయాడని ఏడుస్తున్నప్పుడు కూడా నా మనసు ఆయన మీద కోపం వదల్లేదు.

మాటలు లేని సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పడం ఆయన పని. మొదలుపెట్టే ముందు ఒక లవంగం బుగ్గన పెట్టుకుని, కండువా నడుముకు బిగించేవాడు. "బొమ్మకు నోరు లేదమ్మాయ్, మనమే ఇవ్వాలి" అనేవాడు.

నా మొదటి బిడ్డ బారసాల కాకుండానే పోయింది. కోడలు కంటతడి పెడితే ఇంటికి మంచిది కాదని మా అత్తగారు గట్టిగా చెప్పారు. నా అరచేతుల్లో బొబ్బలు చూసి ఏమిటవని బాబాయి అడిగితే, ఆయన ఒక్కడికే చెప్పాను.

"తిరగలి తిప్పుతూ ఏడిస్తే ఎవరికీ వినపడదు బాబాయ్. అందుకే మా ఇంట్లో పిండి ఎప్పుడూ మిగిలిపోతుంది."

ఆయన నా తల నిమిరాడు.

కొన్నాళ్లకు బందరుకు ఒక జపాను సినిమా వచ్చింది. మధ్య మధ్య తెర మీద పడే రాతంతా జపాను రాతే. అది బాబాయికీ రాదు. కథ ఆయనే అల్లుకోవాలి. మా అత్తగారితో వెళ్లి ఆడవాళ్ల వైపు కూర్చున్నాను. జపానువాళ్లు నేలకు తల ఆనించి దండాలు పెడుతుంటే జనం మొదట పగలబడి నవ్వారు. మగవాళ్ల వైపు నుంచి ఎవరో, లేవవయ్యా, నడుం పట్టేస్తుంది అన్నాడు. గుమ్మం బయట చెప్పులు విడవడం, చాప మీద కూర్చుని అన్నం తినడం చూశాక నవ్వులు తగ్గాయి. "మనలాంటివాళ్లేనే" అంది నా వెనక ఒకావిడ. అంతలో, బిడ్డను పోగొట్టుకున్న ఆ ఇంటి కోడలు తిరగలి ముందు కూర్చుంది. బాబాయి గొంతు తగ్గించి, నా మాటలే, పిండి మిగలడంతో సహా, ఆమె నోట పలికించాడు.

ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా అత్తగారు మాత్రం తెర చూడటం మానేసి నన్ను చూశారు. మర్నాడు, "ఇక తిరగలి నేను చూసుకుంటాను, నువ్వు పొయ్యి దగ్గరుండు" అన్నారు. అది కోపమో జాలో నాకిప్పటికీ తెలియదు. ఏడవడానికి నాకున్న ఆ ఒక్క చోటూ పోయింది.

ఆ మాట కోసమే జనం మళ్లీ మళ్లీ వెళ్లారు. నీళ్లకు వెళ్తే బావి దగ్గరా అదే చెప్పుకున్నారు. నా ఏడుపును ఊరంతా టిక్కెట్టు కొని చూసింది. చివరికి ధైర్యం చేసి, "నీ ఒక్కడికే చెప్పాను కదా బాబాయ్" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"నీ మాటని ఎవరికి తెలుసు తల్లీ? ఎంతమంది ఏడ్చారో చూశావా?" అన్నాడు.

అత్తగారికి తెలుసని చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఆయన ఎప్పుడు ఎలా ఉన్నావని అడిగినా, బాగున్నాననే చెప్పాను.

నిన్న బాబాయి ఇంటికి పరామర్శకు వచ్చిన ఒక ముసలావిడ ఆ తిరగలి మాటంతా పొల్లుపోకుండా మా పిన్నికి అప్పజెప్పి, "ఆడదాని మనసు అంత ఎరిగిన మగాడు ఇంకొకడు లేడమ్మా" అని భోరుమంది. ఏడ్చి ఏడ్చి ఆవిడకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నేను మంచినీళ్ల చెంబు తెచ్చి చేతికిచ్చి, తాగడం అయ్యేదాకా ఆవిడ వీపు రాస్తూ నిలబడ్డాను.