సముద్రుడి వేషంలో దీవెనమ్మ టీచరు

మా ఆసుపత్రి గేటు ముందు వేసవి వచ్చిందంటే ఒకావిడ తాటిముంజెలు అమ్ముతుంది. పచ్చి తాటాకును నిలువునా చీల్చి, దొన్నెలా మడిచి, అందులో ముంజెలు వేసి ఇస్తుంది. మొన్న డ్యూటీ దిగి వస్తూ, ఎండకు నోరెండిపోయి ఆమె దగ్గర ఆగాను. ఆకు చీలినప్పుడు వచ్చే పచ్చివాసన ముక్కుకు తగలగానే నా దాహం ఎటు పోయిందో పోయింది. ముంజెలు తీసుకెళ్ళి పక్కింటి పిల్లలకిచ్చేశాను. ఆ వాసన అందరికీ వేసవిని గుర్తు చేస్తుందేమో, నాకు మాత్రం దీవెనమ్మ టీచరును గుర్తు చేస్తుంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. కావలిలో ఆమె సమాధి మీద కూడా పేరు తప్ప మరేమీ రాయించలేదు. అందుకని నేనే నాలుగు మాటలు రాయాలనుకున్నాను.

తోటపల్లి గూడూరు దాటి తూర్పుకు పోతే, ఇసుకదిబ్బల వెనక మా పల్లె. అరవైల తొలినాళ్ళలో అక్కడికి సరైన బాట లేదు. పల్లె మొత్తానికి తెప్పలే ఆధారం. బడికి టీచర్లు వచ్చేవాళ్ళు, ఎండుచేపల వాసన భరించలేక బదిలీ చేయించుకుని పోయేవాళ్ళు. దీవెనమ్మ గారు మాత్రం చేపలు ఎండేసే దిబ్బ పక్కనే గది తీసుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టకుండా ఐదారేళ్ళు ఉండిపోయారు. మా వాళ్ళ దృష్టిలో టీచరుకు అంతకు మించిన చదువు అక్కర్లేదు. ఆమె క్రైస్తవురాలు. ఆదివారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, పక్క ఊరి చర్చికి ఇసుకలో నడిచి వెళ్ళేది. అయినా పురాణాలు చెప్పిందంటే పిల్లలం కదిలేవాళ్ళం కాదు. ఒకసారి మా పల్లె పెద్ద ఒకాయన, "మీ మతం కాని కతలు మీకెందుకు టీచరమ్మా?" అన్నాడు. "మా తాతల తాతలు విన్న కథలే కదయ్యా, చెవులు మార్చుకోలేదుగా" అంది. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నం మా చేత దేవుడాట ఆడించేది. ఆ ఆట ఆమె కల్పించిందే. తాటాకుతో ఒక కిరీటం అల్లి ఇచ్చేది. అది పెట్టుకుని టీచరు కుర్చీలో కూర్చున్నవాళ్ళు దేవుడు. ఏ దేవుడో వాళ్ళిష్టం. మిగతావాళ్ళం మనుషులం. ఒక్కొక్కళ్ళం ఎదురుగా నిలబడి ఏమైనా అడగవచ్చు. అడిగినదానికి దేవుడు జవాబు చెప్పి తీరాలి, మాట దాటెయ్యకూడదు. చేపలు ఎండేసిన రోజే వాన ఎందుకు కురిపిస్తావని ఇంద్రుణ్ణి నిలదీసేవాళ్ళం. ఒకసారి ఒక పిల్ల సముద్రుడై కూర్చుంది. తాతను సముద్రంలో పోగొట్టుకున్న నా స్నేహితురాలు అంకమ్మ ఎదురుగా నిలబడి, "రాముడు విల్లెత్తితే చేతులు కట్టుకోని దోవ ఇచ్చినావు. మా తాత దండం పెట్టి అడిగితే యెందుకియ్యలేదు?" అంది. కిరీటం పెట్టుకున్న పిల్ల బిత్తరపోయింది. టీచరు అందరినీ కూర్చోబెట్టి, అసలు దేవుడికి మనిషి కష్టం తెలుస్తుందా, ఆలోచించి చెప్పమంది. "తెలిస్తే దేవుడెందుకవుతాడు, మనలో ఒకడవుతాడు" అంది అంకమ్మ. నేను ఊరుకోలేక, "మీ దేవుడు మనిషిగా పుట్టినాడంట గదా టీచరమ్మా, ఆయనకి తెలుసునా?" అన్నాను. "తెలుసని నమ్ముతానే రమణా. నమ్మడం వేరు, తెలియడం వేరు" అంది. అంత నిజం చెప్పిన పెద్దవాళ్ళను నేను అంతకు ముందు చూడలేదు.

ఆ ఏడు దీపావళి ముందు వాయుగుండం పట్టింది. మా నాయన పోలయ్య, గాలి మొదలు కాకముందే వస్తానని తెప్ప తోసుకుని పోయినవాడు తిరిగి రాలేదు. తెప్ప మానులు మాత్రం ఉత్తరాన ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మా పల్లెలో ఒక ఆచారం ఉంది. సముద్రం మీద పోయినవాడి శవం దొరక్కపోతే, మళ్ళీ గంగమ్మ జాతర వచ్చేదాకా అతను పోయాడని ఎవరూ అనకూడదు. ఆ లోపల భార్య గాజులు తియ్యదు, బొట్టు చెరపదు. జాతర దాటాక పెద్దలు గడ్డితో బొమ్మ చేయించి కర్మ జరిపిస్తారు. అప్పుడే ఆమె విధవరాలు. ఆ మధ్య కాలం ఎంత నరకమో అనుభవించినవాళ్ళకే తెలుసు. ఏడవడానికి లేదు, నవ్వడానికి లేదు. మా అమ్మ కావేరమ్మ పొద్దస్తమానం ఒడ్డునే కూర్చునేది.

తుఫాను తరవాత బడి తెరిచారు. శనివారం వచ్చింది. సముద్రుడిగా కూర్చోవడానికి ఏ పిల్లా ఒప్పుకోలేదు. వేరే దేవుణ్ణి పెట్టుకుందామని టీచరు అంటే, నేను మొండికేశాను. నాకు సముద్రుడే కావాలి. చివరికి ఆమే కిరీటం పెట్టుకుని కూర్చుంది. నేను ఎదురుగా నిలబడి, "మా నాయన వస్తాడా?" అన్నాను. అడుగుతూనే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె నా ముఖం చూసి, కళ్ళు మూసుకుని, "వస్తాడు" అంది.

నేను ఒక్క పరుగున పోయి అమ్మకు చెప్పాను. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా పల్లెలో గంగమ్మ మనుషుల మీదికి వస్తుంది. ఒంటిమీదికి అమ్మవారు వచ్చిన మనిషి నెత్తిన వేపమండలు చుట్టుకుని పీట మీద కూర్చుంటుంది. అడిగినవాళ్ళకు కళ్ళు మూసుకుని చెబుతుంది. ఆ చెప్పింది వాక్కు. పిల్లలు ఆడుకుంటే అది ఆటే. కానీ అబద్ధమంటే ఎరగని ఒక పెద్ద ఆడమనిషి, నెత్తిన ఆకు పెట్టుకుని, కళ్ళు మూసుకుని చెబితే అది ఆటని మా అమ్మ ఎందుకనుకుంటుంది? కావలిలో చర్చి ఆవరణలో పెరిగిన దీవెనమ్మ గారికి ఈ సంగతి తట్టనే లేదు. పసిదాన్ని ఓదార్చాననుకుంది.

మా అమ్మ ఆ మాటను పట్టుకుని కూర్చుంది. చేపల గంప నెత్తికెత్తుకోవడం మానేసింది. తను ఊళ్ళ మీదికి పోయిన సమయంలో ఆయన వస్తేనో! రోజూ నాయన వాటా సంగటి తీసి పెట్టేది, తెల్లారి కుక్కలకు వేసేది. తను మాత్రం గుక్కెడు గంజితో సరిపెట్టుకునేది. చూస్తూ ఉండగానే చిక్కి సగమైంది. జాతర వచ్చి పోయింది. పెద్దలు కర్మ సంగతి ఎత్తితే, "సముద్రుడు చెప్పినాక మీరెవురు కాదనడానికి?" అని వాళ్ళ మీద విరుచుకుపడింది. దూరాన గూడూరు టౌనులో, నిమ్మకాయల మార్కెట్లో పనిచేసే మా మేనమామ, మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చి తిట్టి, బతిమాలి, ఓడిపోయాడు. అమ్మ ఇలాగే ఉంటే నాయన వెనకే పోతుందని నాకు అర్థమవుతూనే ఉంది. ఆ భయం ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. టీచరుకు చెప్పుకుందామంటే, ఆ మాట చెప్పిన దేవుడే ఆమె అయిపోయింది మరి.

ఆ సముద్రుడెవరో నన్ను గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకుని, మామే బడికి పోయి, పిల్లలందరి ముందూ ఆమె మీద కేకలు వేశాడు. "మా అక్కకి యేం చెప్పినారు మీరు? యాడ తెస్తారు మా బావని?" అన్నాడు. విషయం అప్పటిదాకా ఆమెకు తెలియదు. అమ్మ పంతం కొద్దీ ఒడ్డున కూర్చుంటోందని ఆమె అనుకుంది. చేతిలోని సుద్దముక్క అలాగే పట్టుకుని, మామ వెంట మా గుడిసెకు వచ్చేసింది.

"కావేరమ్మా, ఆ మాట అన్నది నేను. సముద్రుడు కాదు. పిల్ల ఏడుస్తుంటే చూడలేక అన్నాను. అది ఆట" అంది.

అమ్మ తలెత్తలేదు. "ఆ పొద్దు నీ నెత్తిన కిరీటం ఉండింది గదా?"

"ఉంది."

"ఇప్పుడు లేదు గదా. నీ మాట నేనెందుకు వినాల? చెప్పినోణ్ణే వచ్చి కాదని చెప్పమను."

ఇంటి కప్పుకని తెచ్చిన తాటాకులు పంచలో పడి ఉన్నాయి. టీచరు వంగి ఒక ఆకు తీసుకుని చీల్చింది. అల్లిక కుదరలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ అల్లింది. బడిలో పెట్టుకున్నప్పుడు అది ఆట. ఇప్పుడు ఒక మనిషి నిజంగా దణ్ణం పెట్టడానికి ఎదురు చూస్తుండగా పెట్టుకోవాలి. తన దేవుడి ముందు అది ఎంత పెద్ద తప్పో తెలిసే, ఆమె ఏదో గొణుక్కుని కిరీటం నెత్తిన పెట్టుకుంది. పీట మీద కూర్చుంది. అమ్మ లేచి వచ్చి చేతులు జోడించింది.

"సామీ, నా మొగుడు వస్తాడా?"

"రాడు."

"మరి వస్తాడని యెందుకు చెప్పినావు?"

"చూడలేక."

"తీసకపోయేటప్పుడు చూడగలిగినావా?"

ఆట నియమం పెట్టింది ఆమే. జవాబు చెప్పి తీరాలి. "నాకు చావు లేదు కావేరమ్మా. నా వాళ్ళంటూ ఎవరూ పోలేదు. పోతే ఎలా ఉంటుందో నాకు తెలియదు" అంది.

మా అమ్మ ఆమె ముఖంలోకి చూస్తూ, "తెలవకపోతే అడగాల్సింది" అంది.

దీవెనమ్మ గారు భోరుమన్నారు. కిరీటం పక్కకు ఒరిగిపోయింది. అమ్మ దాన్ని తీసి అవతల పెట్టి, ఆమె వీపు మీద చెయ్యి వేసింది. "ఏడవబాకమ్మా. నువ్వేం జేస్తావు" అంది. తరవాత లోపలికి పోయింది. గాజులు పగిలిన చప్పుడు మా ముగ్గురికీ వినిపించింది. పురాణాల్లో దేవుళ్ళు చెప్పాల్సింది చెప్పి మాయమైపోతారు. ఆమె పోలేదు. పొద్దు వాలేదాకా మా ఇంట్లోనే ఉండి, పొయ్యి వెలిగించి, అన్నం వండి అమ్మ చేత తినిపించింది.

కర్మ అయ్యాక మేము గూడూరు వెళ్ళిపోయాం. అమ్మ బతికింది. నన్ను చదివించింది. కానీ మళ్ళీ ఏనాడూ సముద్రానికి పసుపు కుంకుమ చల్లలేదు, ఆ దిక్కు తిరిగి దణ్ణం పెట్టలేదు. పల్లెలో దేవుడాట కూడా ఆ రోజుతోనే ఆగిపోయిందని తరవాత విన్నాను. నర్సు చదువు అయ్యాక కావలి వెళ్ళి టీచరును చూశాను. కళ్ళు సరిగా కనపడక, నా చేయి తడిమి గుర్తుపట్టింది. మా గుడిసెలో కిరీటం పెట్టుకున్న ఆ రోజు తరవాత, ఏడాది పాటు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి పోలేదట. ఎవరూ వద్దనలేదు, తనకే కాళ్ళు రాలేదంది. "మీ అమ్మ నన్ను క్షమించిందా రమణా?" అని అడిగింది.

"మిమ్మల్ని అప్పుడే క్షమించింది టీచరమ్మా. సముద్రుణ్ణే, తను పోయేదాకా క్షమించలేదు" అన్నాను.

"సముద్రుడి మాటైనా నా మాటైనా చెప్పింది ఒక్క నోరే కదే" అంది. ఆమె గొంతులో సంతోషమేమీ లేదు. ఓదార్పుగా ఒక మాట అనేస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

ఆసుపత్రి వరండాలో ఎవరో ఒకరు నన్ను ఆపి "బతుకుతాడా సిస్టరమ్మా?" అని అడగని రోజు ఉండదు. బతుకుతాడనే మాట నాకూ నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. తెలిసింది చెబుతాను, తెలియంది తెలియదంటాను. కొందరు తిడతారు, పడతాను. లోపలున్న మనిషి పోతే, డ్యూటీ అయిపోయినా సరే, వరండా బెంచీ మీదే వాళ్ళ పక్కన కూర్చుంటాను. ఏడుపు కాస్త తగ్గాక, "మీ ఆయన ఎట్టాంటోడమ్మా?" అని అడుగుతాను. వాళ్ళు చెబుతారు, నేను వింటాను.