మెల్లగా సిస్టర్ అడిగిన ప్రశ్న

ఆమె అసలు పేరు వార్డులో ఎవరికీ గుర్తుండేది కాదు. కాలిన గాయాల వార్డులో ఇరవై ఆరేళ్ళుగా కట్లు కడుతున్న నర్సు. పాత కట్టు విప్పేటప్పుడు "మెల్లగా, మెల్లగా" అంటూ ఉండేది. అది రోగికి చెబుతోందో, తన చేతికి తానే చెప్పుకుంటోందో తెలిసేది కాదు. స్ట్రెచర్ తోసే ముసలాయన ఒకసారి సరదాకి "మెల్లగా సిస్టర్" అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది. చివరికి డాక్టర్లు కూడా "మెల్లగా సిస్టర్ని పిలవండి" అనేవాళ్ళు.

ఆమె భర్త ఒక షెడ్డులో కార్ల బ్యాటరీలు బాగుచేసేవాడు. దేవుడంటే ఆయనకు కోపం లేదు, నమ్మకమూ లేదు. ఆమె అన్నయ్యేమో ప్రార్థన మందిరంలో బోధకుడు. ఇద్దరికీ మంచి స్నేహం. "మీ దేవుడికి నాతో ఏదైనా పనుంటే షెడ్డుకే రమ్మనండి బావా, అడ్రసు మీరే ఇవ్వండి" అని భర్త ఆటపట్టిస్తే, అన్నయ్య నవ్వి ఊరుకునేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఈ మాటలతోనే గడిచేవి.

ఒకరోజు షెడ్డులో ఛాతీ పట్టుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. సమాధి దగ్గర అన్నయ్యే ప్రార్థన చేశాడు. చెల్లెలికి బలం ఇమ్మన్నాడు, బతికున్నవాళ్ళందరికీ బుద్ధి ఇమ్మన్నాడు. పోయినవాడి గురించి మాత్రం ఒక్క ముక్క అనలేదు. వేరేవాళ్ళ సమాధుల దగ్గర "ప్రభువు సన్నిధిలో విశ్రాంతి తీసుకుంటున్నాడు" అనేవాడు. ఇక్కడ అనలేదు. అన్నయ్య అబద్ధం ఆడే మనిషి కాదని ఆమెకు తెలుసు. నమ్మనివాళ్ళకు ఆ సన్నిధి దక్కదని మందిరంలో చెప్పేది ఆయనే. అందుకే ఆ ఊరుకోవడానికి అర్థం ఏమిటో కూడా తెలిసింది.

అప్పట్నుంచి ఆమెకు ఏడుపు రాలేదు. ఆకలి కూడా తెలిసేది కాదు. గడియారం చూసి తినేది. మందిరానికి వెళ్ళేది, పాడేది, లేచి వచ్చేది. "నీ గుండె గట్టిది" అని చుట్టాలు మెచ్చుకున్నారు. అందులో గట్టిదనం ఏమీ లేదు. మత్తు సూది వేసిన చోట గిల్లితే ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉండేది, అంతే.

అలా అయిదేళ్ళు గడిచాక వార్డుకు ఒకణ్ణి తీసుకొచ్చారు. సగానికి పైగా కాలిపోయిన మనిషి. వెంట ఒక పోలీసు ఉన్నాడు. విడిచి వెళ్ళిపోతానన్న భార్యను గదిలో పెట్టి తలుపేసి, ఇంటికి నిప్పు పెట్టాడట. ఆమె అక్కడే పోయింది. తను ఇంట్లోంచి బయటపడేలోగా మండుతున్న కిటికీ పరదా మీదపడి వాడికీ నిప్పంటుకుంది. వార్డులో పనిచేసేవాళ్ళు ఆ మంచం దగ్గరికి వెళ్ళడానికే ఇష్టపడలేదు. "వీడికా మనం సేవలు చేసేది?" అని మొహం తిప్పుకున్నారు. ఆమెకు ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. తొమ్మిది గంటలకు కట్టు మార్చాలని చీటీలో రాసుంది. మార్చింది.

కట్టు మార్చే గది వేరే ఉంటుంది. కాలిన ఒంటికి చలి తగలకూడదని దాన్ని వెచ్చగా ఉంచుతారు. ముందు నొప్పి తగ్గడానికి సూది వేసి, కాసేపు ఆగాలి. ఉప్పునీళ్ళతో పాత గుడ్డ తడిపి, అంటుకున్నచోట చర్మాన్ని అదిమిపట్టి, గుడ్డను అంగుళం అంగుళంగా లాగాలి. ఎంత సూది వేసినా నొప్పి పూర్తిగా పోదు. నొప్పి ఎంతుందో పదికి ఎంతని అడిగి రాసుకోవాలి. వాడు మొదటిరోజు "పది" అన్నాడు. రెండోరోజు నుంచి అడగడం మానేసి తనే పది అని రాసింది.

మొదటిరోజే ఒక పెద్దావిడ వచ్చి ఆ గది బయట బల్ల మీద కూర్చుంది. లోపల కేకలు మొదలైనప్పుడు కదల్లేదు. అయిపోయాక లేచి వెళ్ళిపోయింది. రెండోరోజూ అంతే. మూడోరోజు మెల్లగా సిస్టర్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి అడిగింది.

"మీరు వాడికి ఏమవుతారమ్మా?"

"వాడు చంపింది నా కూతుర్నే."

"మరి ఇక్కడ..."

"వినడానికి వస్తున్నాను. వెళ్ళిపొమ్మంటావా?"

"నేనెందుకంటానమ్మా? కూర్చోండి."

పెద్దావిడ గొంతు తగ్గించి అంది: "ఆ సూది వెయ్యకుండా చెయ్యొచ్చుగా? ఎవరికి తెలుస్తుంది?"

"అలా చెయ్యనమ్మా."

"వాడు మనిషేనంటావా?"

"ఆ గదిలో నాకు చర్మమే కనిపిస్తుంది. అది అందరికీ ఒకేలా కాలుతుంది."

పెద్దావిడ మొహం తిప్పేసుకుంది. కానీ మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చేతిలో సంచీ లేదు, జపం లేదు. ఊరికే గోడకేసి చూస్తూ కూర్చునేది.

ఆరోరోజుకు గాయాల్లో చీము పట్టింది. ఎనిమిదోరోజుకు వాడికి కేక వేసే గొంతు పోయింది. అయినా చప్పుడు వచ్చేది. అది మనిషి చప్పుడులా ఉండేది కాదు. తొమ్మిదోరోజు పని సగంలో ఉండగా ఎవరో తలుపు తట్టారు. తీస్తే పెద్దావిడ. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఇక చాలు."

"ఏంటమ్మా?"

"ఇక చాలంటున్నాను. ఇంకో సూది ఏదైనా ఉంటే వెయ్యి. పడుకోబెట్టు వాణ్ణి."

"వెయ్యాల్సిందంతా వేశానమ్మా. ఇంతకంటే వేస్తే ఊపిరి ఆగిపోతుంది."

"నేనేమీ క్షమించలేదు, అది రాసుకో. నా ప్రాణమున్నంతవరకూ క్షమించను. కానీ ఇక చాలు. ఇది ఎవరికీ అక్కర్లేదు."

అని అక్కడే గోడవారన నేలమీద కూలబడిపోయింది. సిస్టర్ చేతులకు తొడుగులున్నాయి, పట్టుకుని లేపడానికి లేదు. స్ట్రెచర్ ముసలాయన్ని కేకేసి, తను లోపలికెళ్ళి మిగతా సగం కట్టు పూర్తిచేసింది.

పదకొండోరోజు మధ్యాహ్నం వాడు పోయాడు. వాడి తరఫు చుట్టాలకు పోలీసులు కబురు పంపితే "మాకు సంబంధం లేదు" అని చేతులు దులిపేసుకున్నారు. మర్నాడు పెద్దావిడే వచ్చింది. శవాన్ని తీసుకెళ్ళే కాగితం మీద వేలిముద్ర వేసింది.

"మీరెందుకమ్మా?" అంది సిస్టర్.

"ఎవరో ఒకరు తీసుకెళ్ళాలిగా." కాగితం అటు తోసి, "చివర్లో ఏమన్నా అన్నాడా?" అని అడిగింది.

"మంచినీళ్ళు అడిగాడు."

"ఇచ్చావా?"

"దూదితో పెదాలు తడిపాను."

"సరే" అంది పెద్దావిడ.

ఆ ఆదివారం అన్నయ్య నరకం మీద బోధించాడు. ఏడాదికొకసారి బోధించేదే. అక్కడి అగ్ని ఆరదనీ, లెక్కలేనన్ని యుగాలు గడిచినా అక్కడ మొదటిరోజే అనీ చెప్పాడు. జనం తలలు వంచుకుని విన్నారు. మూడో వరసలో కూర్చున్న చెల్లెలు కూడా విన్నది. ఈ మాటలు చిన్నప్పట్నుంచీ విన్నవే. ఈసారి మాత్రం, వినడం అయ్యాక ఇంటికి వెళ్ళకుండా మందిరం వెనక గదిలోకి వెళ్ళింది. అన్నయ్య మైకు తీగలు చుడుతున్నాడు.

"అన్నయ్యా, ఒకటడుగుతాను. ఎంతకాలం?"

"ఏది?"

"నువ్వు చెప్పిందే. ఎంతకాలమని?"

ఆయన తీగ చుట్టడం ఆపాడు. "అంతం లేదమ్మా. అలాగే రాసుంది."

ఆమె పెద్దావిడ సంగతి చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు, తగ్గించలేదు. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకు రోగి సంగతి అప్పజెప్పినట్టు చెప్పింది. చివర్లో, "కూతుర్ని తగలబెట్టినవాడికి ఆవిడ తొమ్మిదోరోజున చాలంది. దేవుడు ఎన్నోరోజున అంటాడు?" అని అడిగింది.

"దేవుడు ఎవర్నీ అందులోకి తొయ్యడమ్మా. మనిషే ఆయన్ని వద్దనుకుంటాడు."

"వార్డులో రోజూ ఎవరో ఒకరు నా చెయ్యి తోసేస్తారన్నయ్యా. బూతులు తిడతారు. ఒకడు ఉమ్మేశాడు కూడా. వద్దన్నాడు కదా అని నేను ఇంటికి వెళ్ళిపోతానా? పది నిమిషాలు ఆగి మళ్ళీ వెళ్తాను. నాకు డ్యూటీ టైము ఉంది కాబట్టి పది నిమిషాలే. ఆయనకు టైముకేం తక్కువ?"

"న్యాయం అనేది ఒకటుంది కదా."

"ఉండాలి. వాడికి శిక్ష పడకూడదని నేననలేదు. శిక్ష దేనికైనా ఉపయోగపడాలి కదా. మేము కుళ్ళిన చర్మం కోసేది కొత్తది రావడానికి. కోస్తూనే ఉండడానికి కాదు."

అన్నయ్య మళ్ళీ తీగ చుట్టడం మొదలుపెట్టాడు. అప్పుడామె అయిదేళ్ళుగా అడగనిది కూడా అడిగేసింది.

"మీ బావ ఎక్కడున్నాడంటావు?"

ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. "షెడ్డుకే రమ్మనండి అనేవాడు" అని నవ్వబోయి ఏడ్చేశాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, తీగ చుట్ట ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె అలా చూస్తూ నిలబడింది. తనకూ ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. టేబుల్ మీదున్న గ్లాసు అందించింది.

"రాసుంది చెల్లీ, దాన్ని నేను చెరిపెయ్యలేను" అన్నాడాయన నీళ్ళు తాగి. "దేవుడు మంచివాడని కూడా నమ్ముతున్నాను. రెండూ కలిపి చెప్పబోతే నోరు తిరగడం లేదు. అబద్ధం ఆడకూడదని ఆరోజు సమాధి దగ్గర ఊరుకున్నాను. అలా ఊరుకోవడం కూడా అబద్ధమేనేమో, నాకు తెలియదు."

తాళం వేసుకుని ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. దారిలో కొత్తగా వేస్తున్న డ్రైనేజీ గురించి మాట్లాడుకున్నారు.

వారం తిరిగేసరికి అన్నయ్య వార్డుకు వచ్చాడు. ఎప్పుడొచ్చినా గేటు దగ్గర ప్రార్థన చేసి వెళ్ళిపోయే మనిషి, కట్టు మార్చే గది చూస్తానన్నాడు. ఆరోజు వేడినూనె మీదపడిన వంటమనిషికి కట్టు మారుస్తున్నారు. రోగిని అడిగి, అన్నయ్యకు గౌను తొడిగించి మూలన నిలబెట్టింది. పావుగంట నిలబడ్డాడు. తర్వాత బయటికెళ్ళి, పెద్దావిడ కూర్చున్న బల్ల మీదే కూర్చుని చాలాసేపు నేలకేసి చూశాడు. చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి ఏడాది నరకం మీద బోధన లేదు. పైఏడాదీ లేదు. మందిరం పెద్దలు పిలిచి నిలదీశారు. "చెప్పమంటే చదివి వినిపిస్తాను. అర్థమైనవాడిలా నటిస్తూ చెప్పమంటే మాత్రం నావల్ల కాదు" అన్నాడట. నాలుగు కుటుంబాలు వేరే మందిరానికి మారిపోయాయి. "బోధకుడికే నమ్మకం సడలితే ఇంకేముంది?" అని వెనక గుసగుసలాడుకున్నారు. ఆ గుసగుసలు చెల్లెలి చెవినా పడ్డాయి. తను గెలిచినట్టు ఆమెకు అనిపించలేదు, అన్నయ్యకు చెరుపు చేశానని బెంగా పుట్టలేదు.

ఉద్యోగం ఇంకో రెండేళ్ళుందనగా, ఒక ఆదివారం అన్నయ్య ఆమెను మెట్ల దగ్గర ఆపాడు.

"నీకు ఆయన మీద ఇంకా కోపంగా ఉందా?"

"దేవుడి మీదా? కోపం ఎప్పుడూ లేదన్నయ్యా."

"మరేముంది?"

ఆమె నిజంగానే ఆలోచించింది. చెప్పులు వేసుకుంటూ ఆలోచించింది. "ఏమీ లేదు. వస్తున్నానుగా. కూర్చుంటున్నానుగా. ఆయన ఏమన్నా చెబితే వింటాను" అంది.

"చెప్పకపోతే?"

"చెప్పకపోయినా రేపు పొద్దున నాకు డ్యూటీ ఉందిగా" అని, బస్సు వస్తుంటే చెయ్యెత్తి ఆపింది.