పాలు లేని చాయ్

జనగామ బస్టాండులో పక్కన కూర్చున్న ఆమె రెండు గోలీల షీట్లు నా చేతిలో పెట్టింది. "అన్నా, అద్దాలు పెట్టుకున్నవు, జర చదువు. జంతువులది కలవనిది ఏందో చెప్పు."

ఆమె కూతురు మాంసం, గుడ్లతో పాటు పాలు కూడా మానేసిందట. పరీక్ష కాగితాలు చూశాను. హిమోగ్లోబిన్ మూడు నెలల కింద ఏడున్నర, ఇప్పుడు ఆరు. కూతురికి రక్తం ఎక్కించడానికి వరంగల్ దవాఖానకు బయలుదేరారు. కూతురు ముఖం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లింది.

రెండూ రక్తం పట్టడానికి ఇచ్చే ఇనుము గోలీలే. ఒక షీటులోవి క్యాప్సూళ్లు. వాటి తొడుగు జిలటిన్, అంటే జంతువుల ఎముకల నుంచి తీసేది. రెండోది మామూలు బిళ్ల. "గిది వాడుండ్రి అక్కా," అన్నాను.

"గీ బిళ్లలు కొత్తగ ఇచ్చిండ్రు, గందుకని అడిగిన. తొడుగు సంగతి నా బిడ్డ ముందే చెప్పింది. అందుకే రోజూ ఇప్పి, పొడి చాయ్‌ల కలిపి తాపిన. పాలు లేని చాయే అన్నా."

చాయ్ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. లెక్కలో తప్పు కనబడితే ఊరుకోలేని మనిషిని, చెప్పేశాను. అలవాటుగా లెక్క కూడా కట్టాను. రోజుకొకటి, మూడు నెలలకు తొంభై.

"తొంభై," అందామె ఒళ్లోని చాయ్ ఫ్లాస్కు వైపు చూస్తూ. "నా చేతులతోనే పోసిన. బిడ్డకు చెప్పకన్నా."

కూతురు ముఖం కడుక్కుని, గోడ పట్టుకుంటూ వచ్చింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"అమ్మా, గోలీ యాళ్లయింది. చాయ్ పొయ్యవా?"

"సల్లవడ్డదే బిడ్డ," అంటూ ఆమె ఫ్లాస్కును బెంచీ పక్కన వొంపేసింది.

చాయ్ సిమెంటు మీద పొగలు కక్కుతూ పారింది. ఆ అమ్మాయి ఆ పొగల వైపే చూస్తూ నిలబడింది.